బుద్ధ పూర్ణిమకి పిలిచారు, ఏం పట్టుకెళ్లాలి?

గాజువాక_కుర్రోడు:
మా ఆఫీసులో సీనియర్ ఒకాయన, బౌద్ధం తీసుకున్న ఫ్యామిలీ, బుద్ధ పూర్ణిమకి పొద్దున్నే వాళ్ల కాలనీ విహారానికి, అంటే బుద్ధుడి మందిరానికి, రమ్మన్నారు, తర్వాత అందరూ వైజాగ్ దగ్గర పాత బౌద్ధ క్షేత్రం తొట్లకొండ వెళ్తారంట. కొబ్బరికాయ పట్టుకెళ్లాలా, ఉపవాసం ఏమైనా ఉండాలా? ఆయన్ని అడిగితే ఏం వద్దు బాబూ నువ్వు రా చాలు అంటారు. చేతులూపుకుంటూ వెళ్తే బాగోదు కదా.

మద్దిలపాలెం_అక్క:
కొబ్బరికాయ వద్దు తమ్ముడూ, పూలు పట్టుకెళ్లు చాలు. తెల్లబట్టలుంటే వేసుకో, చాలామంది అవే వేసుకొస్తారు. మా దగ్గరైతే ముందు జెండా ఎగరేస్తాం, నీలం పసుపు ఎరుపు తెలుపు కాషాయం చారలుంటాయి చూడు అదే, లోపల బుద్ధుడి బొమ్మ, పక్కనే అంబేడ్కర్ గారి ఫోటో, కొవ్వొత్తులు అగరొత్తులు వెలిగించి త్రిశరణం (బుద్ధం శరణం గచ్ఛామి అంటూ మూడు శరణాలు), పంచశీల (ఐదు నియమాలు) పాళీ భాషలో చెప్పిస్తారు. భంతేజీ, అంటే బౌద్ధ భిక్షువు, ఒక లైను అంటే మనం తిరిగి అనాలి, భంతేజీ దొరక్కపోతే కాలనీలో పెద్దాళ్లే కానిచ్చేస్తారు. నోరు తిరక్కపోతే ఊరికే నిలబడు, ఎవరూ ఏమనరు. ఆఖర్లో పాయసం, జ్ఞానోదయానికి ముందు సుజాత అనే ఆవిడ బుద్ధుడికి పెట్టింది అదే కదా. ప్రసంగాలు మాత్రం సాగుతాయి, టిఫిన్ చేసి వెళ్లు 😄

అన్నట్టు మా ఇంట్లో దీనికంటే అక్టోబర్ 14కే హడావిడెక్కువ, 1956లో నాగపూర్‌లో అంబేడ్కర్ గారు బౌద్ధ దీక్ష తీసుకున్న రోజు.

షిప్పు_బాబాయ్:
మన దగ్గర ఇంత సింపుల్‌గా అయిపోతుంది గానీ కొలంబోలో వెసాక్ (వాళ్ల బుద్ధ పూర్ణిమ) చూడాలి గురూ, పండగంటే అది. వెదురు బద్దలతో ఫ్రేము కట్టి పల్చటి రంగు కాగితం అంటించి లోపల బల్బు పెడతారు, ప్రతి ఇంటి ముందూ అవే వేలాడుతుంటాయి. పెద్ద సెంటర్లలో జాతక కథల (బుద్ధుడి పూర్వజన్మల కథలు) బొమ్మలకి లైట్లు పెట్టి ఎత్తుగా తోరణాలు లేపుతారు. దన్సల్ అని రోడ్డు మీదే ఫ్రీగా అన్నం, టీ, ఐస్‌క్రీం, మన శ్రీరామనవమి పందిట్లో పానకం ఇచ్చినట్టు బళ్లు ఆపి మరీ పెడతారు. మాంసం, మందు షాపులు మూత.

కొండలెక్కే_రాజు:
తొట్లకొండ మీద మే ఎండకి మాడిపోతావ్, నీళ్లు, టోపీ మర్చిపోకు. బండి పైదాకా వెళ్తుంది. 1988 నుంచి 93 దాకా తవ్వారు అక్కడ, స్తూపం, భిక్షువుల గదులు, రాతిలో తొలిచిన నీళ్ల తొట్లు అన్నీ కనిపిస్తాయి. ఫోటోల కోసం ఇటుకల మీదెక్కి కొవ్వొత్తులు పెట్టే బ్యాచ్ ఒకటుంటుంది, దయచేసి అందులో కలవకు, మైనం కారితే ఆ మరక పోదు. వీలైతే ఇంకోరోజు అనకాపల్లి దగ్గర శంకరం బొజ్జన్నకొండ కూడా చూడు, రాతిలో చెక్కిన బుద్ధుడు ఉన్నాడు, నాకైతే అదే ఎక్కువ నచ్చుద్ది.

గాజువాక_కుర్రోడు:
థాంక్యూ అక్కా, అందరికీ. చలికాలం మన దగ్గర స్వెట్టర్లు అమ్మే టిబెటన్లు కూడా ఆ రోజే చేస్తారా?

కొండలెక్కే_రాజు:
వాళ్ల క్యాలెండర్ వేరు, ఒక్కోసారి నెల తేడా వస్తుంది. 2025లో మనకి మే 12 అయితే వాళ్లకి జూన్ 11 పడింది. ఆ పండగ నెలని సాగా దావా అంటారు, నెలంతా మాంసం మానేసేవాళ్లు చాలామంది. చూడాలంటే ఒడిశా గజపతి జిల్లా చంద్రగిరిలో వాళ్ల ఊళ్లున్నాయి, జీరంగ్ అనే పెద్ద బౌద్ధ మఠం అక్కడే, కారుంటే పొద్దున్నే బయల్దేరిపో.