దాణా బస్తా మీద ‘బీఎండీ’ అని ఉంది, ఏంటిది?

షాద్‌నగర్_షెడ్డు:
మాది 5,000 కోళ్ల షెడ్డు, ఇంటిగ్రేషన్ కింద పెంచుతున్నం. పిల్లలు, దాణా, మందులు అన్నీ కంపెనీవే, మాకొచ్చేది కిలోకి ఇంతని పెంపకం కూలి. నిన్న మా పెద్దోడు బస్తా లేబుల్ చదివి ‘నాన్నా, ఇందులో యాంటీబయాటిక్ ఉంది’ అన్నాడు. కోళ్లకు జబ్బే లేదు కదా, మరి రోజూ మందెందుకు? సూపర్‌వైజర్‌ని అడిగితే ‘కొంచెం డోసే అన్నా, బరువు కోసం’ అని ఫోన్ పెట్టేసిండు. ఇంట్లో మేం తినేది కూడా ఈ కోళ్లే. తెలిసినవాళ్లు చెప్పండి.

పశువుల_డాక్టర్:
బీఎండీ అంటే బాసిట్రాసిన్, యాంటీబయాటికే. పేగులో క్లోస్ట్రీడియం లాంటి క్రిములు అదుపులో ఉంటే తిన్న దాణా బాగా ఒంటబడుతుంది, అందుకని కలుపుతారు. అది పేగు దాటి ఒంట్లోకి పెద్దగా వెళ్లదు కాబట్టి మాంసంలో మందు మిగులుతుందన్న టెన్షన్ తక్కువే. అసలు తిరకాసు ఆ ‘కొంచెం డోసు’లోనే ఉంది. వారాల తరబడి చిటికెడు చిటికెడు పోతుంటే బలహీనమైన క్రిములు చస్తాయి, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి, ఆ తట్టుకునే జన్యువును పక్క క్రిములకూ పంచుతాయి. కోలిస్టిన్ సంగతి చూడండి, ఐసీయూలో ఇంకేదీ పనిచేయనప్పుడు మనుషులకు ఎక్కించే మందు, దాన్ని దాణాలో కలిపేవాళ్లు! దాన్ని తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువు 2015లో చైనాలో పందుల్లో, మాంసంలో, రోగుల్లో బయటపడింది. మన కేంద్రం 2019 జూలైలో పశువులకు, కోళ్లకు, చేపల చెరువులకు కోలిస్టిన్ నిషేధించింది. బస్తా మీద ఆ పేరు కనిపిస్తే మాత్రం ఫోటో తీసి పెట్టుకోండి.

తణుకు_గుడ్లు:
చెప్పడం తేలికేనండి డాక్టరుగారూ. మందు తీసేస్తే నీళ్ల పైపులు కడగాలి, తడిసిన ఊక తీసి పారబొయ్యాలి, కోడికీ కోడికీ ఎడం ఉంచాలి. షెడ్డులో పట్టేవి తగ్గితే ఆ నష్టం ఎవరు భరిస్తారండి? ఎఫ్‌సీఆర్, అంటే కిలో బరువు పెరగడానికి కోడి తినే దాణా, కాస్త పెరిగినా రైతు కూలే కోస్తారు, కంపెనీది కాదు.

పశువుల_డాక్టర్:
నిజమే, కాదనను. కానీ డెన్మార్క్‌లో 1998లో బ్రాయిలర్లకు పెరుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్ కలపడం ఆపేస్తే చావులు పెరగలేదు, ఎఫ్‌సీఆర్ కూడా నామమాత్రమే మారింది. పాలు మాన్పించిన పందిపిల్లలకు మాత్రం పారుడు ఎక్కువైంది, జబ్బుకు వాడే మందులు పెరిగాయి. 2006 జనవరి నుంచి యూరోపియన్ యూనియన్ అంతటా పెరుగుదల కోసం యాంటీబయాటిక్ వాడకం బంద్. అంటే ఇన్నాళ్లూ ఈ పొడి చాలాచోట్ల చీపురు చేయాల్సిన పని చేస్తోందన్నమాట.

ఆదివారం_చికెన్:
మరి మేం తినాలా మానాలా?

పశువుల_డాక్టర్:
తినండి, బాగా ఉడికిస్తే క్రిములు చస్తాయి. పచ్చి చికెన్ కోసిన చాకుతోనే ఉల్లిపాయ కోయకండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. షెడ్డులో రోజూ తిరిగేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం, షాద్‌నగర్ అన్నా.

షాద్‌నగర్_షెడ్డు:
థాంక్స్ సార్. ఇంకో అనుమానం, బ్యాచ్ ఎత్తినంక ఆ ఎరువు మా మిరప చేనుకే తోలుతం, మిగిలింది చేపల చెరువులోళ్లు కొంటరు. అందులోనూ ఈ తట్టుకునే క్రిములు ఉంటయా?

పశువుల_డాక్టర్:
ఉంటాయి. పచ్చిగా తోలకండి, కుప్ప పోసి తడి చూసుకుంటూ, తిరగేస్తూ బాగా మాగనివ్వండి. ఆ వేడికి చాలావరకు చస్తాయి, అన్నీ కాదు.