ఇంటి నుండి రాత్రి షిఫ్టు, క్షణక్షణం నిఘా: ఆరోగ్యం కాపాడుకోవడం ఎలా?

ప్రశ్న (అనంతపురం)

అందరికీ నమస్కారం. అమెరికా ఆసుపత్రుల బిల్లుల విషయమై అక్కడి బీమా సంస్థలతో ఫోనులో మాట్లాడే ఏఆర్ కాలింగ్ ఉద్యోగం నాది. సంస్థ బెంగళూరులో ఉంది. నేను అనంతపురంలోని మా ఇంటి నుండే రాత్రంతా పని చేస్తాను. వారిచ్చిన ల్యాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్ మధ్యమధ్యలో స్క్రీన్‌షాట్లు తీస్తుంది, కాసేపు మౌస్ కదలకపోతే పని చేయడం లేదని నమోదు చేస్తుంది. అందువల్ల కాగితం మీద లెక్క చూసుకుంటున్నా, మంచినీళ్లకు లేచినా గుబులుగానే ఉంటుంది. షిఫ్టు ముగిసి పడుకున్నాక కూడా వాట్సాప్ గ్రూపులో టీమ్ లీడర్ ప్రశ్నలు ఆగవు. మెడ, కుడి మణికట్టు నొప్పి పెడుతున్నాయి, పగలు నిద్ర పట్టడం లేదు. ఇంత జీతం ఇచ్చే పని ఇక్కడ మరొకటి దొరకదు కాబట్టి మానలేను. అనుభవమున్నవారు దారి చూపగలరు.

జవాబు (కర్నూలు, ఫిజియోథెరపిస్టు)

తెర పైఅంచు కళ్ల ఎత్తుకు వచ్చేలా ల్యాప్‌టాప్ కింద ఏదైనా పెట్టి, కీబోర్డు, మౌస్ విడిగా వాడండి. మంచం మీద కూర్చుని పని చేయవద్దు. వేళ్లు తిమ్మిరెక్కుతుంటే ఆలస్యం చేయక వైద్యునికి చూపించండి.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మీ నిద్ర. రాత్రి వెలుతురులో ఉన్నవారికి నిద్రకు తోడ్పడే మెలటోనిన్ తగ్గుతుంది. పైగా ఏప్రిల్, మే నెలల్లో మన సీమలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు మిద్దె కింది గదిలో మధ్యాహ్నం కన్ను మూయడం కష్టం. అందుచేత షిఫ్టు ముగియగానే, ఎండ ముదరకముందే పడుకోండి. కిటికీలకు మందపాటి తెరలు వేసి, ఫోను వేరే గదిలో ఉంచండి. షిఫ్టు రెండో సగంలో కాఫీ, టీలు మానండి. రాత్రి షిఫ్టు పనిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనూ, మళ్లీ 2019లోనూ క్యాన్సర్‌కు బహుశా కారణం కాగల వాటి జాబితాలో ఉంచింది కనుక, ఏళ్ల తరబడి ఇదే షిఫ్టులో కొనసాగే ముందు ఆలోచించుకోండి.

జవాబు (కడప, హెచ్ఆర్ విభాగంలో పని చేసి విరమించినవారు)

మీ నొప్పులకూ ఆ సాఫ్ట్‌వేర్‌కూ సంబంధం ఉంది. లేస్తే లెక్క తగ్గుతుందనే భయంతో మనిషి కదలడమే మానేస్తాడు. మౌస్ కదలికను కొలిచినంత మాత్రాన పని కొలిచినట్టు కాదు. ఎన్ని క్లెయిములు పరిష్కరించారు, ఎన్నింటిలో తప్పులు వచ్చాయి అన్నదే అసలు కొలత. ఈ మాటనే సంస్థకు ఈమెయిలులో రాయండి. ఎంతసేపు విరామం అనుమతిస్తారో, స్క్రీన్‌షాట్లు ఎవరు చూస్తారో, షిఫ్టు తర్వాత వచ్చే సందేశాలకు జవాబు ఎప్పటిలోగా ఇవ్వాలో లిఖితపూర్వకంగా అడగండి.

నియామక పత్రంలో పని గంటలు చూడండి. మన రాష్ట్రంలోనూ కర్ణాటకలోనూ దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టాల్లో వారానికి 48 గంటలే పరిమితి; ఐటీ రంగానికి కొన్ని మినహాయింపులు ఉన్నందున పత్రంలోని మాట ముఖ్యం. షిఫ్టు తర్వాత జవాబిచ్చిన సమయాన్నీ రాసి పెట్టుకోండి. వారానికి 55 గంటలు, అంతకు మించి పని చేసేవారికి, 35 నుండి 40 గంటలు చేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు సుమారు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించాయి. ఫ్రాన్సులో పని వేళల తర్వాత సందేశాలకు దూరంగా ఉండే హక్కు 2017 నుండి అమలులో ఉంది. మన దేశమంతటికీ వర్తించే అటువంటి చట్టం రావలసిన అవసరం ఎంతైనా ఉంది.

జవాబు (గుంతకల్లు)

పెద్దవారి సలహాకు ఒక సవరణ. ఒక్కరే రాస్తే ఫిర్యాదులు చేసే మనిషి అన్న ముద్ర పడుతుంది. మీ బృందంలో ఇదే బాధ పడుతున్నవారు తప్పక ఉంటారు. నలుగురూ కలిసి, మర్యాదగా, ఒకే ఈమెయిలు పంపండి. ఈలోగా మనసు మరీ బరువెక్కితే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.