మ్యూయాన్ తేడా మాయమైందా, మాయం చేశారా?

రాత్రిలెక్కలు:
2021 ఏప్రిల్ 7 గుర్తుందా? మ్యూయాన్ అంటే ఎలక్ట్రాన్‌కి బరువైన అన్నలాంటి కణం; దాని అయస్కాంత బలాన్ని చెప్పే జి అనే అంకె 2ని ఎంత దాటిందో చెప్పేదే జి-2. ఆ జి-2 కొలతకీ సిద్ధాంతపు అంచనాకీ 4.2 సిగ్మా, అంటే ఎర్రర్‌కి 4.2 రెట్లు, తేడా ఉందని అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌లో ప్రకటించారు. కొత్త కణం దొరికినట్టేనని ఆ రాత్రి నేను నిద్రపోలేదు. తీరా 2025లో సిద్ధాంతం వాళ్లు అంచనానే పైకి జరిపారు, తేడా పోయింది. జవాబు చూసి లెక్క దిద్దుకోవడం కాదా ఇది?

పయాన్‌ప్రియ:
కాదండీ. బుడాపెస్ట్–మార్సెయ్–వుప్పర్టాల్ బృందం సూపర్‌కంప్యూటర్ మీద చేసిన లాటిస్ లెక్క (స్థలకాలాన్ని గళ్లుగా కోసి సిద్ధాంతం నుంచే నేరుగా వేసేది) 2020లోనే, ఆ ప్రకటనకి ముందే బయటికొచ్చింది.

రాత్రిలెక్కలు:
అమెరికాలోనే బ్రూక్‌హేవెన్ ల్యాబ్‌లో అంతకుముందు చేసిన జి-2 కొలత 2006 నుంచీ అందరి కళ్ల ముందే ఉందిగా!

చాక్‌పీస్:
గొడవ అక్కడ లేదు. పాత అంచనా అసలు పూర్తి సిద్ధాంతమే కాదు. జి-2లో ఒక వాటా హేడ్రాన్లది, అంటే క్వార్కులతో కట్టిన కణాలది; దాన్ని ఇప్పుడు చెప్పబోయే నిష్పత్తి నుంచే రాబట్టారు. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఢీకొంటే హేడ్రాన్లు ఎన్ని పుడతాయి, మ్యూయాన్ జంటలు ఎన్ని పుడతాయి అన్న నిష్పత్తి నేను ఏటా బోర్డు మీద వేస్తాను. అప్, డౌన్, స్ట్రేంజ్ క్వార్కుల చార్జీల వర్గాలు 4/9, 1/9, 1/9. కూడి, క్వార్కులకి ‘రంగులు’ (చార్జీ లాంటి ఇంకో గుణం) మూడు కాబట్టి మూడుతో గుణిస్తే 2. చార్మ్ క్వార్కు చేరితే 10/3. సుద్దముక్క అరగకముందే అయిపోతుంది. ఈ లెక్క రో మెసాన్ అనే హేడ్రాన్ ఉండే 770 ఎంఈవీ (పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు ఒక ఎంఈవీ) శక్తి దగ్గర పనిచేయదు. మనకి కావలసిన హేడ్రాన్ వాటాలో దాదాపు ముప్పావు వంతు వచ్చేది అక్కడ పుట్టే రెండు పయాన్ల (తేలికైన హేడ్రాన్ల) నుంచే! అందుకే కొలిచిన డేటానే లెక్కలో పోశారు. ఇటలీలోని ఫ్రాస్కాటీలో క్లోయ్ ప్రయోగం ఆ పయాన్లని తక్కువ చూపించింది, అమెరికాలో స్లాక్ ల్యాబ్‌లోని బాబర్ ప్రయోగం ఎక్కువ. 2023లో రష్యాలోని నోవోసిబిర్స్క్‌లో చేసిన సీఎండీ-3 ప్రయోగం ఆ రెండింటికన్నా పైన తేలింది. అదే ఊళ్లో అంతకుముందు చేసిన సీఎండీ-2తో కూడా కుదరలేదు. ఇక ఏ డేటా పోయాలి?

పయాన్‌ప్రియ:
అందుకేగా 2025లో డేటా పక్కనపెట్టి లాటిస్ తీసుకున్నారు.

చాక్‌పీస్:
తీసుకున్నారు, నాకు నచ్చకపోయినా అప్పటికి అదే దారి. కానీ పాత కొలతల్లో తప్పెక్కడో ఎవరూ చూపించలేదు. కడవకి చిల్లు ఎక్కడుందో చూడకుండా పక్కింటి కడవ తెచ్చుకున్నట్టుంది.

రాత్రిలెక్కలు:
అంకెలు ఇప్పుడే తీసి చూశాను. అన్నీ (జి-2)/2ని పదివేల కోట్లతో గుణించినవి: 2020 అంచనా 116591810, ఎర్రర్ 43. 2025ది 116592033, ఎర్రర్ 62. కొలత 116592071.5, ఎర్రర్ 14.5. ప్రయోగం కన్నా సిద్ధాంతం ఎర్రరే నాలుగింతలు! దిద్దుకున్నారన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. తేడా లేదని మాత్రం ఒప్పుకోను.

చాక్‌పీస్:
అయితే జెనీవా దగ్గరి సెర్న్ ల్యాబ్‌లో మ్యూయోన్-ఈ ప్రయోగం మీద కన్నేసి ఉంచండి. మ్యూయాన్లని ఎలక్ట్రాన్ల మీదికి పంపి ఇదే వాటాని ఇంకో దారిలో కొలవాలని చూస్తున్నారు.