వారంటీ ఎన్నేళ్లుండాలి? చట్టమే చెప్పాలా?

వాషింగ్ మెషీన్ కొని ఏడాదిన్నర కాలేదు, మోటార్ పోయింది, అడిగితే ఏడాది వారంటీ అయిపోయింది మేమేం చేయలేం అంటున్నారు. పదేళ్లు వాడదామని కొనే వస్తువుకి ఏడాదేంటండీ, అసలు ఇంత కాలం ఉండాలని చట్టం పెట్టకూడదా?

జవాబు 1:
పెట్టిన దేశాలున్నాయండి. యూరోపియన్ యూనియన్‌లో కొత్త వస్తువుకి కనీసం 2 ఏళ్లు అమ్మినవాళ్లదే బాధ్యత, కంపెనీ కార్డు మీద ఏం రాసుకున్నా సరే. స్పెయిన్ 2022 నుంచి 3 ఏళ్లు చేసింది. నార్వేలో అయితే ఎక్కువకాలం మన్నాల్సిన వాటికి 5 ఏళ్లు.

జవాబు 2:
నాకైతే అన్నిటికీ ఒకే లెక్క పెట్టడం నచ్చదు, చెప్పులకీ ఫ్రిజ్‌కీ ఒకటే గడువు ఎలా కుదురుతుంది? ఆస్ట్రేలియాలో ఇన్నేళ్లని అంకె ఉండదు, వస్తువు రకం, ధర చూసి సగటు మనిషి ఎంతకాలం పనిచేస్తుందనుకుంటాడో అంతకాలం పనిచేయాలి, కంపెనీ వారంటీ అయిపోయినా ఆ హక్కు పోదు. నాకు ఇదే న్యాయంగా అనిపిస్తుంది.

జవాబు 3:
న్యాయమే కానీ "ఎంతకాలం" అన్నదాని మీద కొట్లాడేది కొన్నవాడేగా, అంకె ఉంటే వాదన ఉండదు. ఇంకోటి, గడువు కన్నా లోపం మొదట్నుంచీ ఉందా లేదా అన్నది ఎవరు నిరూపించాలన్నది ముఖ్యం. యూరప్‌లో మొదటి ఏడాది ఆ భారం అమ్మినవాళ్లదే, ఆ తర్వాత చాలా దేశాల్లో మన మీద పడుతుంది. మోటార్ విప్పి చూపించడం మామూలోళ్ల వల్ల అవుతుందా? గడువంతా ఆ భారం వాళ్ల మీదే ఉండాలి.

అడిగినవారు:
ఈ నిరూపణ సంగతి నాకు తట్టనే లేదు, థాంక్సండీ. రిపేర్ రిపోర్ట్ రాతపూర్వకంగా తీసుకుంటా ముందు.