పుస్తకం చూసి ఆత్మరక్షణ నేర్చుకుంటున్నాం: రెండో బొమ్మకూ మూడో బొమ్మకూ మధ్య ఏం జరుగుతోంది?

ప్రశ్న

నమస్కారం. అటక మీద పాత ఆత్మరక్షణ పుస్తకం ఒకటి దొరికింది. ఒక్కో పట్టుకూ నాలుగైదు ఫొటోలు, కింద రెండేసి వాక్యాలు. నేర్పేవారు మాకు అందుబాటులో లేరు. అందుకని నేనూ చెల్లెలూ మూడు వారాలుగా సాయంత్రాలు దాన్నే ముందు పెట్టుకుని సాధన చేస్తున్నాం. పట్టుకున్న మణికట్టును విడిపించుకోవడం కొంత వచ్చింది. మిగతావన్నీ చెల్లెలు మెల్లగా పట్టుకుంటే పనిచేస్తాయి, గట్టిగా పట్టుకుంటే చేయవు.

58వ పేజీలో కాలరు పట్టుకున్నవాడి చేతిని మెలితిప్పి కిందకు దించే పట్టు ఉంది. మొదటి ఫొటోలో అతను కాలరు పట్టుకుంటాడు. రెండోదానిలో ఇతని చేయి అతని చేతి మీద ఉంటుంది. మూడోదానిలో అతను మోకాళ్ల మీద ఉంటాడు! ఎంతసేపు చూసినా నడుమ ఏం జరిగిందో అంతుపట్టలేదు. అసలు ఇలా నేర్చుకోవచ్చా? ఏవి ఉంచుకోవాలి, ఏవి వదిలేయాలి? చివర్లో కత్తి లాక్కునే అధ్యాయం కూడా ఉంది, అది మొదలుపెట్టవచ్చా?

జవాబు 1

ముందు పరుగు సాధన చేయండి. హాస్యానికి అనడం లేదు.

జవాబు 2 (జూడో నేర్పుతాను)

పై మాటతో ఏకీభవిస్తాను. కానీ మీరు అడిగింది వేరు కాబట్టి దానికే చెబుతాను.

1882లో టోక్యోలో జిగొరో కానో జూడో మొదలుపెట్టినప్పుడు ఆయన వయసు ఇరవై ఒకటి. ఎదుటివాణ్ణి పడవేయడాన్ని జూడోలో మూడు భాగాలుగా చెబుతారు: మొదట అతని తూకం తప్పించడం, తర్వాత మన ఒంటిని సరైన చోటికి చేర్చడం, ఆఖరున పడవేయడం. జపనీయంలో కుజుషి, త్సుకురి, కాకే అంటారు. పుస్తకంలోని ఫొటోలు ఎక్కువగా చూపించేది మూడోదాన్నే. కెమెరాకు అదే బాగా కనిపిస్తుంది. మీ 58వ పేజీలో మాయమైనవి మొదటి రెండూ.

రెండో ఫొటోను భూతద్దంతో చూడండి. చేతులను వదిలేసి పాదాలను చూడండి. ఎదుటివాడి మడమ లేచి ఉందా? బరువు ఏ కాలి మీద ఉంది? ఇతని ముందు కాలు మొదటి ఫొటోలో ఉన్నచోటే ఉందా, పక్కకు జరిగిందా? చేతిని మెలితిప్పే పట్లు ఎదుటివాడు నిటారుగా, రెండు కాళ్ల మీద స్థిరంగా ఉన్నప్పుడు పనిచేయవు. అతను ఒక పక్కకు ఒరిగి, పడిపోకుండా నిలదొక్కుకునే ఆ క్షణంలోనే పనిచేస్తాయి. మీ చెల్లెలు మెల్లగా పట్టుకున్నప్పుడు తెలియకుండానే తూకం మీకు అప్పగించేస్తోంది. గట్టిగా పట్టుకున్నప్పుడు అప్పగించడం లేదు. అంతే తేడా.

ఏవి ఉంచుకోవాలో నన్ను అడగకండి, పట్లనే అడగండి. ఒక్కో పట్టునూ మెట్లెక్కించండి. మొదట ఏ ప్రతిఘటనా లేకుండా రెండు వైపులా పదేసి సార్లు చేయండి. తర్వాత గట్టిగా పట్టుకుని కదలకుండా నిలబడమనండి. ఆ తర్వాత పట్టుకుని లాగుతూ, నెడుతూ తిప్పమనండి. చివరగా ఖాళీగా ఉన్న చేత్తో మీ భుజం మీద తేలిగ్గా కొడుతూ ఉండమనండి. పుస్తకంలోని ఎదుటివాడు రెండో చేయి ఉండి కూడా లేనట్టే నిలబడతాడు. సగానికి పైగా పట్లు ఈ చివరి మెట్టు మీద జారిపోతాయి. జారినవాటిని జాలిపడకుండా వదిలేయండి.

మిగిలేవి తక్కువే ఉంటాయి, అదే మంచిది. ఎంచుకోవలసినవి పెరిగేకొద్దీ స్పందనకు పట్టే సమయం కూడా పెరుగుతుందని 1952లో విలియం హిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రయోగాలతో చూపించాడు. కాలరు పట్టుకుంటే ఏడు మార్గాలు తెలిసినవాడు ఏడింటి మధ్య తడబడతాడు. పైగా భయంతో గుండె దడదడలాడుతున్నప్పుడు వేళ్లతో చేసే సున్నితమైన పనులు సాగవు. మోచేయి, భుజం, నడుము, అడుగు కలిసి చేసే పెద్ద కదలికలే నిలబడతాయి.

మణికట్టు విషయానికి వస్తే, ఎవరు ఎంత గట్టిగా పట్టుకున్నా పట్టులో బలహీనమైన చోటు బొటనవేలికీ మిగతా వేళ్ల కొసలకూ మధ్య ఉండే సందు. మీ ముంజేతి సన్నని అంచు ఆ సందుకు ఎదురుగా వచ్చేలా తిప్పండి. తర్వాత అందరూ చేసే తప్పు, చేతిని వెనక్కు గుంజడం. గుంజకండి. మోచేతిని ఎదుటివాడి వైపు వంచుతూ, అడుగు వేసి ఒళ్లంతా తిప్పండి. రెండు చేతులతో మీ ఒక్క చేతిని పట్టుకుంటే, అతని చేతుల మధ్య నుంచి మీ రెండో చేయి పోనిచ్చి, మీ పిడికిలిని మీరే పట్టుకుని, బొటనవేళ్లు ఉన్న వైపుకు లేపుతూ వెనక్కు అడుగు వేయండి.

పుస్తకం పిడికిలితో ముఖం మీద కొట్టమంటే అక్కడ ఆగండి. అలవాటు లేనివారు పుర్రె మీద పిడికిలితో కొడితే చిటికెన వేలి మూలంలో ఎముక విరగడం చాలా మామూలు. ఎదుటివాడి పన్ను గుచ్చుకుంటే ఆ గాయం తేలిగ్గా చీము పట్టవచ్చు. మణికట్టు దగ్గరున్న అరచేతి దళసరి భాగంతో గడ్డం కింద నుంచి తోయడం మేలు.

పుస్తకంలో ఉన్నా లేకపోయినా పడటం, లేవడం మాత్రం నేర్చుకోండి. కూర్చున్న చోటు నుంచి, పరుపు మీద, గడ్డాన్ని ఛాతీకి ఆనించి వెనక్కు దొర్లండి. పడుతున్నప్పుడు చేయి వెనక్కు ఆనించవద్దు, మణికట్టు పోతుంది. లేచేటప్పుడు ఒక చేయి వెనక నేల మీద, దానికి ఎదురు వైపు పాదం ముందు నేల మీద ఉంచి, నడుము లేపి, ఖాళీగా ఉన్న కాలిని కింద నుంచి వెనక్కు లాక్కుని నిలబడండి. చూపు ఎదుటివాడి మీదే ఉండాలి.

జవాబు 3 (ఫిజియోథెరపిస్టును)

మీరు ఆడుకుంటున్నది కీళ్లతో కాబట్టి ఒక మాట. మోచేయి, భుజం మెలిపెట్టే పట్లలో నొప్పి తెలిసేసరికే లోపల కొంత నష్టం జరిగిపోవచ్చు. పట్టు పెట్టేది వేగంగా వద్దు, ఆఖరి పది శాతం బలం అసలే వద్దు. ఒంటి మీదో నేల మీదో రెండు సార్లు తట్టగానే వదిలేయాలని ముందే ఒప్పందం చేసుకోండి. నోటితో చెప్పడం కంటే అది వేగం.

మెడ నొక్కే పట్లను ఇంట్లో సాధన చేయకండి. మెడకు రెండు వైపులా ఉండే ధమనులు నొక్కుకుంటే మనిషి సుమారు పది సెకన్లలో స్పృహ తప్పుతాడు. ఎదురు నుంచి మెడ పట్టుకుంటే విడిపించుకోవడం సాధన చేయాలంటే, చేతులు మెడ మీద కాక భుజాల మీద వేయించుకోండి. ఒక చేతిని నిటారుగా చెవికి తగిలేలా లేపి, అటు నుంచి ఇటు ఒళ్లంతా తిప్పుతూ అడుగు వేస్తే మీ భుజం అతని మణికట్లను తోసేస్తుంది. నిజంగానే ఎవరైనా మెడ నొక్కి ఉంటే, పైకి గుర్తులు లేకపోయినా, గొంతు మారినా మింగడం కష్టమైనా వైద్యుడికి చూపించాలి.

జవాబు 4 (పాత పుస్తకాలంటే పిచ్చి)

పుస్తకాన్ని మరీ తీసిపారేయకండి. పదిహేనో శతాబ్దపు జర్మన్, ఇటాలియన్ గురువులు రాసి పెట్టిన కత్తి సాధన గ్రంథాలను చదివి, మధ్యలో తెగిపోయిన ఆ విద్యను మళ్లీ నిలబెట్టుకుంటున్న బృందాలు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి. గురువు లేడు, ఉన్నది గ్రంథమే. అయితే ఒక్క బొమ్మకు నాలుగు అర్థాలు చెప్పుకుని, ముఖానికి తొడుగులు వేసుకుని, నాలుగింటినీ ఒకరి మీద ఒకరు పరీక్షించి చూసి కానీ ఏదీ నమ్మరు.

వారి పద్ధతే మీకూ పనికొస్తుంది. మూడో మనిషి దొరికితే పుస్తకం చదివే పని అతనికి ఇవ్వండి. మీరిద్దరూ వాక్యం విని చేయండి, పేజీ చూడకండి. పాదాలు ఎక్కడెక్కడ ఉన్నాయో నేల మీద సుద్దతో గీయండి. ఫోనును పుస్తకంలోని కెమెరా నిలిచిన కోణంలోనే పెట్టి వీడియో తీసుకుని, ఆపి ఆపి ఫొటోతో పోల్చండి. కుడి ఎడమలు తారుమారు చేసి ఉంటారు, నేను పందెం కాస్తాను.

జవాబు 2 (జూడో నేర్పుతాను)

కత్తి సంగతి మరిచాను. చెల్లెలికి స్కెచ్ పెన్ను ఇవ్వండి, మీరు పాత తెల్ల చొక్కా వేసుకోండి. పుస్తకంలోని పట్టు పదిసార్లు ప్రయత్నించండి. ఆమె మాత్రం బొమ్మలోలా ఒక్కసారి పొడిచి చేయి అలాగే చాచి ఉంచకూడదు, వెనక్కు లాక్కుని మళ్లీ మళ్లీ పొడవాలి. తర్వాత చొక్కా మీది గీతలు లెక్కపెట్టండి. 1983లో డెన్నిస్ ట్యూలర్ అనే అమెరికా పోలీసు శిక్షకుడు లెక్కగట్టిన ప్రకారం కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకన్లలో దాటేస్తాడు. డబ్బు అడిగితే దూరంగా విసిరేసి పరుగెత్తడమే ఆ అధ్యాయానికి నా సవరణ.

ప్రశ్న అడిగినవారు

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. చొక్కా మీద పదకొండు గీతలు పడ్డాయి, రెండు కడుపు మీద. ఆ అధ్యాయానికి క్లిప్పు పెట్టి మూసేశాను.

58వ పేజీ గుట్టు తెలిసింది. పందెం గెలిచారు, కుడి ఎడమలు నిజంగానే తారుమారు. రెండో ఫొటోలో ఎదుటివాడి మడమ లేచే ఉంది. ఇతను పక్కకు అడుగు వేసి అతన్ని లాగాడన్నమాట. అలా చేస్తే చెల్లెలు గట్టిగా పట్టుకున్నా ఒరిగింది. కానీ రెండో చేత్తో భుజం మీద కొట్టడం మొదలుపెట్టగానే నేనే ఒరిగాను.

జవాబు 2 (జూడో నేర్పుతాను)

అయితే దాన్ని వదిలేయండి. కాలరు పట్టుకుంటే గడ్డం దించి, రెండు చేతులూ ముఖం ముందుకు తెచ్చి, అరచేత్తో గడ్డం తోసి తప్పుకోండి. ఫొటోకు బాగుండదు. ఒక సందేహం: ఎప్పుడూ పట్టుకునేది మీ చెల్లెలేనా?

ప్రశ్న అడిగినవారి చెల్లెలు

నేనే ఆ చెల్లెలిని. అవునండీ, మూడు వారాలుగా పట్టుకునేది నేనే, కింద పడేదీ నేనే. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

జవాబు 2 (జూడో నేర్పుతాను)

అదీ సంగతి. బరువైనవారు తేలికైనవారి మీద చేసి చూస్తే ఏ పట్టయినా పనిచేసినట్టే ఉంటుంది. ఈ రోజే మార్చుకోండి. విడిపించుకునే క్షణంలో గట్టిగా అరవండి కూడా. ఊపిరి బిగబట్టకుండా ఉంటారు, చుట్టుపక్కల వారికీ తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారి చెల్లెలు

మార్చుకున్నాం. అన్నయ్య మణికట్టు పట్టుకుంటే మొదటి ఆరుసార్లు కదపలేకపోయాను, చేతినే గుంజుతున్నాను మరి. మోచేయి వంచుతూ అడుగు వేస్తే ఏడోసారి ఊడింది. అరిచాను కూడా. అమ్మ పరుగెత్తుకొచ్చింది.