గుండెపోటులో రక్తం గడ్డను పీల్చి తీయడం అందరికీ తప్పనిసరి చేయాలా?

గోదారిగట్టు:
మా బాబాయికి గుండెపోటు వస్తే యాంజియో చేసి వెంటనే స్టెంట్ వేశారు. పెద్ద నాళం తెరుచుకుంది గానీ కండరానికి రక్తం సరిగా అందలేదు. బెలూన్ ఉబ్బించినప్పుడు గడ్డ చిట్లి, ఆ తునకలు కింద సన్నని నాళాల్లో ఇరుక్కుని ఉంటాయని డాక్టరుగారు చెప్పారు. స్టెంట్ వేసే ముందే గడ్డను పీల్చేసే గొట్టం ఒకటి ఉందట. మరి అందరికీ ఎందుకు వాడరు? నేనైతే తప్పనిసరి చేయాలంటాను.

క్యాథ్‌ల్యాబ్_డ్యూటీ:
నేనూ మీ వైపేనండి. సిరంజిలోకి లాగిన రక్తాన్ని చిన్న జల్లెడలో పోస్తాం. ఎర్రటి గడ్డలు, ఒక్కోసారి తెల్లటి పోగుల్లాంటివి దాని మీద మిగులుతాయి. ఇదంతా లోపలికి పోయుంటే ఏమయ్యేదో అని ప్రతిసారీ అనిపిస్తుంది. 2008లో వచ్చిన టాపాస్ ట్రయల్ కూడా ఇదే చెప్పింది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో 1,071 మందిపై చేశారు. ఏడాదిలో గుండె జబ్బుతో పోయినవాళ్లు గడ్డను పీల్చినవాళ్లలో 3.6 శాతం, మామూలు పద్ధతిలో 6.7 శాతం. ఇంతకన్నా ఏం కావాలి?

కార్డియో_పీజీ:
ఇంకా కావాలండి. టాపాస్ ఒకే ఆస్పత్రిలో జరిగింది, మరణాల తేడా తేల్చడానికి వెయ్యి మంది చాలరు. ఆ తర్వాత 2013లో స్వీడన్, ఐస్‌లాండ్, డెన్మార్క్ కలిసి 7,244 మందితో టేస్ట్ ట్రయల్ చేశాయి. నెల రోజుల్లో మరణాలు పీల్చినవాళ్లలో 2.8 శాతం, పీల్చనివాళ్లలో 3.0. తేడా లేనట్టే. 2015లో 10,732 మందితో వచ్చిన టోటల్ ట్రయల్‌లో గుండె సంబంధ మరణం, మళ్లీ గుండెపోటు, షాక్ (గుండె బలహీనపడి బీపీ పడిపోవడం), తీవ్రమైన హార్ట్ ఫెయిల్యూర్ అన్నీ కలిపి ఆరు నెలలకు పీల్చినవాళ్లలో 6.9 శాతం, పీల్చనివాళ్లలో 7.0. పైగా నెలలోపు స్ట్రోక్ పీల్చినవాళ్లలో 0.7 శాతం, పీల్చనివాళ్లలో 0.3. గొట్టాన్ని వెనక్కి లాగేటప్పుడు సిరంజిలో పీల్పు తగ్గితే దాని కొసన ఉన్న గడ్డ మహాధమనిలోకి జారి మెదడుకు పోవచ్చు. గుండెను కాపాడబోయి పక్షవాతం తెచ్చిపెడితే ఆ కుటుంబానికి ఏం చెబుతాం?

గోదారిగట్టు:
గడ్డ జల్లెడలో కళ్లముందే కనిపిస్తుంటే లాభం లేదంటే ఎలా నమ్మమంటారు?

కార్డియో_పీజీ:
మీ బాధ అర్థమైంది. కానీ తునకలు దొరకడం వేరు, కండరం బతకడం వేరు. 2005లో ఎమరాల్డ్ అని 501 మందిపై ఒక ట్రయల్ జరిగింది. గడ్డకు దిగువన చిన్న బెలూన్‌తో నాళాన్ని కాసేపు మూసేసి, స్టెంట్ వేశాక అక్కడ చేరిన చెత్తను పీల్చేశారు. 73 శాతం మందిలో చెత్త దొరికింది. అయినా దెబ్బతిన్న కండరం ఏమీ తగ్గలేదు. ఎందుకంటే బెలూన్‌కు పైనున్న పక్క కొమ్మలకు రక్షణ లేదు. ఆ పరికరాన్ని గడ్డలోంచి దూర్చేటప్పుడే కొంత చిట్లిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, గంటల తరబడి రక్తం లేక అక్కడి సన్నని నాళాలు అప్పటికే వాచి మూసుకుపోయి ఉంటాయి. వాటిని ఏ గొట్టమూ తెరవలేదు.

క్యాథ్‌ల్యాబ్_డ్యూటీ:
మరి బైపాస్ అయినవాళ్ల సంగతి? కాలి సిర గ్రాఫ్టుల్లో, అంటే గుండెకు కొత్త దారిగా కుట్టిన కాలి సిరల్లో, ఇదే తరహా బెలూన్ పనిచేసింది కదా. 2002 సేఫర్ ట్రయల్, 801 మంది. నెలలోపు పెద్ద సమస్యలు 16.5 శాతం నుంచి 9.6కి తగ్గాయి.

కార్డియో_పీజీ:
అక్కడ నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అవి ఎక్కువగా ముందే ప్లాన్ చేసుకుని చేసిన కేసులు, కండరం అప్పటికే చచ్చిపోతున్నవి కావు. గ్రాఫ్టుకు పక్క కొమ్మలుండవు, రాలిపడేదంతా ఒకే దారిలో వస్తుంది, అందుకే ఆపగలిగారు. గుండెపోటులో గడ్డ మరీ పెద్దదైతే మాత్రం చిక్కే. టాపాస్, టేస్ట్, టోటల్ మూడు ట్రయల్స్‌నూ కలిపి చూస్తే అలాంటివాళ్లలో గుండె సంబంధ మరణాలు 3.1 నుంచి 2.5 శాతానికి తగ్గాయి, కానీ స్ట్రోక్, తాత్కాలిక స్ట్రోక్ కలిపి 0.5 నుంచి 0.9కి పెరిగాయి. అందుకే గొట్టం టేబుల్ మీద ఉండాలి, ప్రతివాళ్లకూ దూర్చకూడదు అంటాను. గోదారిగట్టు గారూ, నొప్పి మొదలయ్యాక బాబాయిగారిని ఎంతసేపటికి తీసుకెళ్లారు?

గోదారిగట్టు:
రాత్రి పదింటికి మొదలైంది. గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుని పడుకున్నారు. తెల్లారి తీసుకెళ్లాం.

కార్డియో_పీజీ:
అంతసేపు అయ్యాక నో రీఫ్లో, అంటే పెద్ద నాళం తెరిచినా కండరానికి రక్తం అందకపోవడం, వచ్చే అవకాశం బాగా పెరుగుతుందండి, గడ్డను పీల్చినా పీల్చకపోయినా. ఇప్పుడు ఎకో తీసి గుండె పంపింగ్ ఎంతుందో చూడమనండి, మందులు దాన్నిబట్టి మారతాయి.

క్యాథ్‌ల్యాబ్_డ్యూటీ:
ఎకో మాట నిజం. పెద్ద గడ్డ కనిపిస్తే మాత్రం నేను గొట్టం అందిస్తూనే ఉంటాను. ఆ ట్రయల్స్‌లో చిన్నాపెద్దా గడ్డలన్నీ కలిసిపోయాయి. కేవలం పెద్ద గడ్డలవాళ్లనే తీసుకుని, స్ట్రోక్‌ను కూడా లెక్కగడుతూ ఒక పెద్ద ట్రయల్ చేస్తే అప్పుడు మాట్లాడుకుందాం.