కాజా అన్న పేరు ఎక్కడిది? కజ్జికాయకు చుట్టమా?

గోదారిగట్టు:
మడత కాజా తింటూ మా పిల్లలు అడిగారు, దీనికి ఆ పేరెందుకని. మంగళగిరి పక్కన కాజ అనే ఊరుంది కదా, అక్కణ్ణుంచే వచ్చిందని మా బాబాయి తేల్చేశారు. అత్తయ్య ఒప్పుకోలేదు. చొక్కా కాజాలా విచ్చుకుని ఉంటుంది కాబట్టి ఆ పేరన్నారు. నాకేమో ఖ్వాజా అన్న మాటే ఇలా మారి, నవాబుల వంటశాలల నుంచి మనకు చేరిందనిపిస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

సూదీదారం:
చొక్కా కాజా పోర్చుగీసు మాట. వాళ్ల భాషలో కాజ అంటే ఇల్లు, ఇక్కడ బొత్తాం దూరే ఇల్లన్నమాట. బొత్తాం కూడా వాళ్లిచ్చిందే. మడత కాజా పొరల మధ్య సందు చూస్తే అత్తయ్యగారి మాట నిజమేననిపిస్తుంది నాకు.

పాతపొత్తం:
మీరు చెప్పిన మూడూ కుదరవండి. ఊరి పేరే అయితే పూరీ జగన్నాథుడి ప్రసాదంలో ఖాజా ఎందుకుంది? బీహార్‌లో నలంద దగ్గరి సిలావ్ ఖాజాకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అదీ మన మడత కాజాలాగే పొరలు పొరలుగా ఉంటుంది. ఇక సందు చూసి పెట్టిన పేరంటే, కాకినాడ గొట్టం కాజాకు సందేదీ? ఖ్వాజా పారసీ మాట, అర్థం దొర, పెద్దమనిషి. హిందీలో దాన్ని ఖ కింద చుక్క పెట్టి రాస్తారు. మిఠాయి ఖాజాకు ఆ చుక్క ఉండదు. పైగా పారసీ మన దేశానికి రాకముందే పాలీ బౌద్ధ గ్రంథాల్లో ఖజ్జ, ఖజ్జక అన్న మాటలున్నాయి. నమిలి తినే పదార్థం, పిండివంట అని అర్థం.

అసలు మూలం సంస్కృతంలోని ఖాద్యం, అంటే తినదగినది. ప్రాకృతంలో ద్య అన్నది జ్జ అవుతుంది. మనకు తెలిసిన ఉదాహరణే చూడండి: వైద్యుడు వెజ్జు అయ్యాడు. అలాగే ఖాద్య ఖజ్జ అయింది. ఉత్తరాది భాషల్లో ఆ ఒత్తు పోయి ముందు అచ్చు సాగుతుంది. వాద్యం వజ్జ అయి చివరికి బాజా అయినట్టే, ఖజ్జ ఖాజా అయింది. మనం ఖకారాన్ని తేలిక చేసి కాజా అన్నాం.

నాకు బాగా నచ్చే సంగతి ఇంకొకటుంది. పిండివంట అనే అర్థంలో తెలుగులో కజ్జము అనే పాత మాట ఉంది. అందులో ఒత్తు చెక్కుచెదరలేదు. అంటే ఇది ప్రాకృతం నుంచి నేరుగా వచ్చింది, కాజా మాత్రం ఉత్తరాది చుట్టి వచ్చింది. ఒకే మాట రెండు దారుల్లో మన ఇంటికి చేరిందన్నమాట. కజ్జికాయలో ఉన్నది ఆ కజ్జమే. లోపల పూర్ణం, పైన తొక్కలాంటి పిండి ఉంటుంది కాబట్టి కాయ అన్నారు.

తుంగభద్ర:
కాజా వరకు సరే. కజ్జికాయ దగ్గర ఆగండి. మాకు కన్నడంలో అది కర్జికాయి. మరాఠీవాళ్లు కరంజీ అంటారు. మధ్యలో ఆ రకారం ఎక్కడిది? కరంజం అంటే కానుగ. కానుగ కాయను ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని చూశారా? అచ్చం కజ్జికాయ ఆకారమే. కాయ అన్న మాట కూడా అందుకే నిలిచి ఉంటుంది. రకారం పోయి జకారానికి ఒత్తు రావడం పెద్ద వింతేమీ కాదు.

పాతపొత్తం:
మంచి ప్రశ్న వేశారు. కానీ మీ కన్నడంలోనే కజ్జాయ ఉంది కదా? అది మన అరిసె. దానికి పూర్ణమూ లేదు, కానుగ కాయ ఆకారమూ లేదు. కజ్జ అంటే ఆకారంతో పని లేకుండా పిండివంటేనని చెప్పడానికి నాకు అదే సాక్ష్యం. మీ కర్జికాయిలో రకారం కరంజీ ప్రభావంతో తర్వాత చేరిందని నా అభిప్రాయం.

తుంగభద్ర:
కజ్జాయ సంగతి ఒప్పుకుంటాను, అది ఖాద్యం బిడ్డే. కర్జికాయిని మాత్రం మీకు వదలను. ఆకారం అంతగా సరిపోతుంటే పేరు ఇంకోచోట వెతకాలని నాకు అనిపించడం లేదు.

గోదారిగట్టు:
ఇద్దరికీ ధన్యవాదాలండి. ఖ్వాజా మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. పిల్లలకు వెజ్జు, బాజా ఉదాహరణలతోనే చెప్పాను, ఇట్టే పట్టుకున్నారు. బాబాయి మాత్రం ఇంకా కాజ ఊరి మీదే ఉన్నారు. ఆయనకు పూరీ ఖాజా చూపిస్తాను.